ఆవకాయ జాడీ దగ్గర మొదలుపెట్టండి

బాపులపాడు, నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళలో వేసవి వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఒక రోజు చాలా కఠినంగా గడుస్తుంది. అది ఆవకాయ పెట్టే రోజు. ముందురోజే జాడీ కడిగి ఎండలో బోర్లిస్తారు. కాయలు కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే ముక్కలు కొడతారు. ఆ వేళకు పిల్లలెవరైనా అటు పరుగెత్తుకొచ్చారో, అమ్మమ్మ గొంతు వీధి చివరికి వినబడుతుంది: "తడి చెయ్యి పెట్టావంటే ఊరుకోను, అవతలికి పో!" జాడీలో గరిటె పెట్టే అధికారం ఏడాది పొడుగునా ఇంట్లో ఒకరిద్దరికే ఉంటుంది.

ఈ పట్టింపు అమ్మమ్మకు ఎవరు నేర్పారు? ఆమె సూక్ష్మదర్శిని చూడలేదు, సైన్సు పుస్తకం చదవలేదు. అయినా కంటికి కనబడనిది ఏదో చేతి మీదుగా జాడీలోకి పోతుందనీ, పోతే నాలుగు నెలలు తిరక్కుండా బూజు పడుతుందనీ, ఏడాది కష్టం నేలపాలవుతుందనీ ఆమెకు నూటికి నూరుపాళ్ళూ తెలుసు. ఆ ఇంట్లోనే, అదే రోజు, దొడ్డికి వెళ్ళొచ్చిన పిల్లవాడు చేతిమీద నాలుగు నీటిచుక్కలు పోసుకుని కంచం ముందు కూర్చుంటే ఎవరూ అరవరు.

ఈ అధ్యాయంలో నేను మీకు చెప్పదలుచుకున్నది ఇదే. మన ఊళ్ళకు శుభ్రత తెలియదన్న మాట తప్పు. తెలుసు, గట్టిగానే తెలుసు. జాడీ మీద ఉన్న పట్టింపు పిల్లవాడి పొట్ట మీదికి మళ్ళాలి. బడిలో చెప్పాల్సిన ఆరోగ్య పాఠమంతా ఆ మళ్ళింపే. మీరు టీచరైనా, అంగన్వాడీ కార్యకర్తైనా, తల్లిదండ్రుల కమిటీలో సభ్యులైనా, సెలవులకు ఊరికి వచ్చిన చదువుకున్న యువకుడైనా, ఈ పని మీ చేతుల్లో ఉంది.

సొన చేసే సాయం

మామిడితోటల పిల్లలకు సబ్బు ఎందుకో చెప్పడం చాలా తేలిక. కాయ తొడిమ తుంచగానే కారే సొన చేతికి అంటితే ఏమవుతుందో వాళ్ళకు మీకంటే బాగా తెలుసు. జిగురు పట్టుకుంటుంది, మూతికి తగిలితే పుండు పడుతుంది, ఒట్టి నీళ్ళతో ఎంత కడిగినా పోదు. ఒకసారి అయిదో తరగతి పిల్లలను ఇదే అడిగాను. "సొన నీళ్ళకి పోదు సార్, సబ్బేసి రుద్దాలి" అన్నారు, అంత మాత్రం తెలియదా అన్నట్టు. సరిగ్గా అక్కడ ఆగి, "మరి దొడ్డికి వెళ్ళొచ్చిన చెయ్యి?" అని అడిగాను. ఒక క్షణం నిశ్శబ్దం. వెనక వరుసలో ఒక పాప తన చేతుల వంక చూసుకుంది.

కారణం రెండుచోట్లా ఒకటే. సొనలో నూనె ఉంది, చేతి చర్మం మీదా పలచటి జిడ్డు పొర ఉంది. క్రిములు ఆ జిడ్డును పట్టుకుని ఉంటాయి. నీళ్ళకు జిడ్డు లొంగదు. సబ్బు అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. ఇరవై సెకన్లు రుద్దితే జిడ్డుతో పాటు క్రిములు కూడా ఊడి నీళ్ళలో కొట్టుకుపోతాయి. చంపాల్సిన పని లేదు, ఊడదీస్తే చాలు. అందుకే ఖరీదైన, క్రిములను చంపుతామని ప్రకటనలిచ్చే సబ్బు కొననక్కర్లేదు. కరాచీలోని పేదల బస్తీల్లో జరిపిన ఒక పెద్ద పరిశోధన 2005లో వెలువడింది. సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చేసిన ఇళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా సగానికి సగం తగ్గింది, పదిహేనేళ్ళలోపు పిల్లల్లో విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. మామూలు సబ్బు వాడిన ఇళ్ళకూ, క్రిమినాశక సబ్బు వాడిన ఇళ్ళకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. న్యుమోనియాను మనం చేతులతో ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించం. కానీ ముక్కు తుడుచుకున్న చెయ్యే కదా తమ్ముణ్ణి ఎత్తుకునేది!

వేసవి కానప్పుడు సొన దొరకదు. అప్పుడు అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె, చిటికెడు పసుపు వేసి రుద్దించండి. సగం మందిని నీళ్ళతో, సగం మందిని సబ్బుతో కడుక్కోమనండి. పచ్చటి చేతులు ఎవరివో పిల్లలే లెక్కపెట్టుకుంటారు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్యన, బొటనవేలి చుట్టూ పసుపు చివరిదాకా మిగిలిపోతుంది. ఎక్కడ రుద్దాలో ఇక మీరు విడిగా చెప్పక్కర్లేదు.

చిత్తూరు జిల్లా చెప్పిన నిజం

"చేతులు కడుక్కోకపోతే రోగాలొస్తాయి" అనే వాక్యం మన బడి గోడల మీద ఎన్ని ఏళ్ళుగా ఉందో! దానివల్ల ఏం మారింది? 2018లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు దేశమంతటా అడిగితే, మలవిసర్జన తర్వాత సబ్బుతో కడుక్కుంటామని నూటికి 74 ఇళ్ళు చెప్పాయి. భోజనానికి ముందు సబ్బు వాడేది 36 ఇళ్ళే. ఇది జనం నోటితో చెప్పిన లెక్క. కళ్ళతో చూసిన లెక్క వేరే ఉంది, అదీ మన రాష్ట్రానిదే.

చిత్తూరు జిల్లాలోని 14 గ్రామాల్లో, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్, బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి చేసిన పని అది. 2011లో మొదలైంది, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పరిశీలకులు ఇళ్ళలో కూర్చుని, ఎవరు ఎప్పుడు చేతులు కడుక్కుంటున్నారో స్వయంగా చూసి రాసుకున్నారు. దొడ్డికి వెళ్ళొచ్చాక, పసిబిడ్డకు కడిగాక, వంటకు ముందు, తినేముందు, ఈ వేళల్లో సబ్బు వాడినవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో! చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఇంత దూరం ఉందని తెలుసుకోవడమే మన పనిలో మొదటి మెట్టు.

ఆ తర్వాత ఏడు గ్రామాల్లో ఒక ప్రచారం నడిపారు. దానికి పెట్టిన పేరు 'సూపర్ అమ్మ'. బడుల్లోనూ ఊరి మధ్యలోనూ బొమ్మల సినిమా వేశారు, నాటికలు ఆడారు, అందరి ముందూ ప్రమాణాలు చేయించారు. అందులో రోగాల పేర్లు చెప్పి భయపెట్టడం లేదు. ముఖ్యంగా రెండే పాత్రలు. ఒకరు సూపర్ అమ్మ. బిడ్డ బాగుపడాలని కలలు కనే పల్లెటూరి తల్లి, మంచి నడవడికలో భాగంగా చేతులు కడుక్కోవడం కూడా నేర్పుతుంది. రెండో పాత్ర లడ్డూ లింగం. మురికి చేతులతోనే లడ్డూలు చుట్టి ఊరికి పెట్టే మనిషి. అతన్ని చూడగానే పిల్లలు "ఛీ" అంటారు. ఆ "ఛీ"లోనే ఉంది కిటుకు. ఆరు వారాలకు ఆ ఊళ్ళలో సబ్బు వాడకం 19 శాతానికి వచ్చింది, ఆరు నెలలకు 37 శాతానికి. ప్రచారం జరగని ఊళ్ళలో 6 శాతమే.

37 అంటే పెద్ద విజయమా అని మీరు అడగొచ్చు. నూటికి అరవై మందికి పైగా ఇంకా మారలేదు కదా! నిజమే. కానీ ఒకటి నుంచి ముప్పై ఏడుకు రావడం, అదీ ఆరు నెలల్లో, ఏ ఉపన్యాసమూ ఏ పోస్టరూ చేయలేని పని. మనిషి అలవాటు భయంతో మారదు, బిడ్డ మీది ఆశతోనూ రోతతోనూ మారుతుందని చిత్తూరు పల్లెలు నిరూపించాయి. ఆవకాయ దగ్గర అమ్మమ్మను నడిపించేదీ ఆ రెండే.

మీ బడిలో లడ్డూ లింగాన్ని మీ ఊరి మనిషిగా మార్చుకోండి. మామిడి ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లి అమ్మేవాడిగా ఒక పిల్లవాడు వేషం వేయొచ్చు. ముక్కు చీదుతాడు, లుంగీకి తుడుచుకుంటాడు, అదే చేత్తో ముక్కలు అందిస్తాడు. ఈగ గురించి కూడా చెప్పండి. అది కాళ్ళతో రుచి చూస్తుందనీ, మన పండు మీద వాలి ముందు తన ఉమ్మి కక్కి, ఆ తర్వాత పీల్చుకుంటుందనీ, ఇక్కడికి రాకముందు ఎక్కడ వాలిందో తెలియదనీ చెప్పి చూడండి. ఇవన్నీ నిజాలే. పిల్లలు ఇంటికెళ్ళి మూత లేని గిన్నెను చూసి ఊరుకోరు.

బీరువాలో ఉన్న సబ్బు

మా ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు మధ్యాహ్న భోజనం వేళ వెళ్ళాను. పిల్లలు కంచాలు పట్టుకుని వరుసగా కొళాయి దగ్గరికి వస్తున్నారు. ఎడమ చేత్తో కంచం, కుడి చెయ్యి నీళ్ళ కింద పెట్టి తీయడం, చొక్కాకు తుడుచుకోవడం. మొత్తం మూడు సెకన్లు. ఒకణ్ణి ఆపాను.

"చెయ్యి కడుక్కున్నావా నాన్నా?"

"కడుక్కున్నాను సార్." తడి అరచెయ్యి చూపించాడు.

"సబ్బుతోనా?"

"సబ్బు బీరువాలో ఉంది సార్."

టీచరు గారు నొచ్చుకున్నారు. "బయట పెడితే ఉండదండీ, కాకులు ఎత్తుకుపోతాయి, లేకపోతే నీళ్ళలో నాని పోతుంది" అన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. సబ్బును కాకి ఎత్తుకుపోవడం పల్లెటూళ్ళో అందరం చూసినదే. కానీ బీరువాలో ఉన్న సబ్బు ఏ పిల్లవాడి చేతినీ కడగదు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో సబ్బు వేసి, మూతి బిగించి, కొళాయి పక్కన మేకుకు వేలాడదీయండి. వలతోనే రుద్దుకుంటారు, నురుగు వస్తుంది, నీళ్ళు కారిపోతాయి, సబ్బు నానదు, కాకికీ అందదు. ఇంకా చౌక కావాలంటే, లీటరున్నర ప్లాస్టిక్ సీసాలో బట్టల సబ్బుపొడి రెండు మూడు చెంచాలు కలిపి, మూతకు సన్నటి చిల్లు పెట్టండి. ఒక్కొక్కరికి చిన్న పిచికారీ చాలు. కొళాయే లేని చోట, తోటలో కాపలా గుడిసె దగ్గర లాంటి చోట, అయిదు లీటర్ల నూనె డబ్బా చాలు. మూతికి దగ్గరగా చిల్లు పెట్టి, రెండు గుంజల మధ్య కర్రకు వేలాడదీసి, డబ్బా మూతికి తాడు కట్టి, ఆ తాడు కొసన కాలితో తొక్కే పుల్ల పెడితే సరి. తొక్కినప్పుడు డబ్బా వంగి నీళ్ళు పడతాయి, చెయ్యి తగలక్కర్లేదు. ఆఫ్రికాలో జింబాబ్వేలో పుట్టిన ఉపాయం ఇది. ఏడో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు, తాము చేసినదాన్ని ప్రాణంలా చూసుకుంటారు.

బంగ్లాదేశ్‌లోని రెండు పల్లె బడుల్లో ఇంకో పని చేశారు. మరుగుదొడ్డి నుంచి చేతులు కడుక్కునే చోటికి దారి పొడుగునా రంగులతో పాదాల గుర్తులు వేశారు, అక్కడ అరచేతుల బొమ్మలు వేశారు. ఆరోగ్యం గురించి ఒక్క పాఠమూ చెప్పలేదు. 4 శాతంగా ఉన్న సబ్బు వాడకం ఆరు వారాల తర్వాత 74 శాతంగా ఉంది. పిల్లవాడు పాదం గుర్తు చూస్తే దానిమీద అడుగు వేయకుండా ఉండలేడు. సంక్రాంతికి ముగ్గులు పెట్టే ఊరికి నాలుగు పాదాల గుర్తులు వేయడం ఎంతసేపు?

వేళ కూడా కుదర్చాలి. భోజనం బెల్లుకు పది నిమిషాల ముందే ఇంకో బెల్లు కొట్టండి, అది చేతుల బెల్లు. టీచర్లు కూడా పిల్లలతో పాటే వరుసలో నిలబడి కడుక్కోవాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. పిల్లలు మన మాట కంటే మన చేతులనే ఎక్కువ చూస్తారు.

ఎవరినీ చిన్నబుచ్చకుండా

ఇప్పుడు కొంచెం బరువైన మాట. మన ఊళ్ళలో శుభ్రత అనే మాట మడి, అంటు అనే మాటలతో కలిసిపోయి తరతరాలుగా మనుషులను గాయపరిచింది. ఎవరిని ముట్టుకోకూడదో చెప్పడానికి వాడిన మాటనే మనం ఇప్పుడు చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పడానికి వాడుతున్నాం. అందుకని చాలా జాగ్రత్త కావాలి. తరగతి అందరి ముందూ "నీ చొక్కా చూడు, నీ తల చూడు" అన్న మాట ఒక పిల్లను బడికి దూరం చేస్తుంది. మామిడి కోతలకు ఇతర జిల్లాల నుంచి వచ్చి తోటల్లో పాకలు వేసుకున్నవాళ్ళ పిల్లలకు రోజూ ఉతికిన బట్టలు ఎలా వస్తాయి? "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" అని చేతులెత్తించే ప్రశ్న తరగతిలో అడగకండి. పేలు చూడాల్సి వస్తే విడిగా, ఒక టీచరమ్మ, తల్లికి చెప్పి చూడాలి. పేలు ఏ ఇంటికైనా వస్తాయి.

ఇంకొకటి. మరుగుదొడ్లు కడగడం ఏ పిల్లవాడికీ శిక్ష కాకూడదు. ఒక వాడ పిల్లలకే ఆ పని అప్పజెప్పే అలవాటు ఎక్కడ కనబడినా ఆ రోజే ఆపించండి. మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో వేల బడులకు నీళ్ళున్న మరుగుదొడ్లు వచ్చాయి, వాటిని శుభ్రం చేయడానికి ఆయాలు వచ్చారు. మీ బడిలో ఆ ఏర్పాటు నడుస్తున్నదో లేదో అడగడం తల్లిదండ్రుల కమిటీ హక్కు. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపల గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, నీళ్ళు, సబ్బు, ఈ నాలుగూ లేకపోతే నెలలో ఆ రోజుల్లో పెద్దతరగతి పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఎందుకు రాలేదో ఏ టీచరుకూ చెప్పదు.

గోళ్ళ సంగతి చిన్నదే. మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీయనివ్వని ఇళ్ళు మనవి. దానితో గొడవపడక, సోమవారం ఉదయం చూస్తామని చెప్పండి, ఆదివారం తీసేస్తారు. మరిచిపోయినవాళ్ళకు తరగతిలోనే ఒక నెయిల్ కట్టర్ ఉంచండి, తిట్టు వద్దు. నులిపురుగుల గుడ్లు దాక్కునేది ఆ గోరు కిందే. రాత్రి దురదకు గోకిన వేలు తెల్లారి నోట్లోకి వెళ్తుంది, పురుగు మళ్ళీ మొదలవుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఈ చక్రాన్ని కోస్తుంది. నమిలి మింగాలి. కానీ కొంకి పురుగు ఎక్కువగా నోటి నుంచి కాదు, తడి మట్టిలో ఉత్తకాళ్ళతో నడిస్తే అరికాలి చర్మం గుండా లోపలికి వస్తుంది. తోటలోకి చెప్పులు లేకుండా వెళ్ళొద్దని చెప్పేది అందుకే.

జూన్ నెల

మన ప్రాంతంలో ఈ పనికి ఒక తొందర ఉంది. వేసవి సెలవుల్లో పిల్లలంతా తోటల్లో ఉంటారు. పండ్ల వాసనకు ఈగలు ముసురుతాయి. రసాలు పిండుకుని తాగిన టెంకలు గుమ్మం ముందే పడి ఉంటాయి. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, తొలకరి పడుతుంది, ఊరి మురుగు కదులుతుంది. విరేచనాల కాలం అదే. కాబట్టి చేతుల పాఠం అక్టోబరు 15న, ప్రపంచ చేతుల శుభ్రత దినం నాడు ఫొటోల కోసం చెప్పేది కాకూడదు. బడి తెరిచిన మొదటి వారంలో చెప్పాలి.

అయినా ఎవరికో ఒకరికి విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు ఓఆర్ఎస్ కలపడం అయిదో తరగతి దాటిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ వచ్చి ఉండాలి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. పొదుపు కోసం సగం సగం కలిపితే పాళ్ళు తప్పుతాయి. కలిపింది ఒక రోజులోపు వాడాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడింది ఈ ఉప్పు, చక్కెర నీళ్ళతోనే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేలోపు ఒక అక్క తమ్ముడికి చేయగలిగిన వైద్యం ఇది.

బడి నుంచి ఇంటికి

పిల్లలే ఇంటిని మారుస్తారని 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం వేళ డేవిడ్ మోర్లీ వంటి వైద్యులు లండన్‌లో 'పిల్లల నుంచి పిల్లలకు' అనే పద్ధతి మొదలుపెట్టారు. ఇంట్లో చిన్నవాళ్ళను పెంచేది పెద్దపిల్లలే అని వాళ్ళు గమనించారు. మన పల్లెల్లోనూ అంతే, అమ్మ కోతకు వెళ్తే చంటివాడు అక్క చంకలోనే ఉంటాడు. అయితే ఒక జాగ్రత్త. పిల్లవాడి చేత తల్లికి ఉపన్యాసం ఇప్పించకండి. తల్లి చిన్నబోతుంది. పిల్లవాడికి ఒక పని ఇవ్వండి: ఇంట్లో సబ్బుకు ఒక స్థలం వెతుకు, దొడ్డి దగ్గర ఒకటి, వంటింటి దగ్గర ఒకటి. వారం తర్వాత ఆ స్థలాల బొమ్మ గీసి తీసుకురా. తల్లి నవ్వుకుంటూ సబ్బు ముక్క ఇస్తుంది.

ఇంకో పని, నీళ్ళ గురించి. మన ఊళ్ళలో ఇప్పుడు చాలా ఇళ్ళవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు డబ్బు పెట్టి కొంటున్నారు. కొని, బిందెలో పోసి, కడగని చెయ్యి గ్లాసుతో సహా ముంచుతున్నారు. శుద్ధి చేసిన నీళ్ళకు పెట్టిన డబ్బు అలా ముంచడంతో పోయినట్టే. పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి, బిందె మీద మూత ఒకటి. ఆవకాయ జాడీకి విడిగా గరిటె ఉన్నప్పుడు మంచినీళ్ళ బిందెకు ఎందుకు ఉండదని పిల్లవాడు అడిగితే, అమ్మమ్మ దగ్గర జవాబు ఉండదు. మరుసటి రోజు గరిటె ఉంటుంది.

ఈ అధ్యాయం మూసి ఒక పని చేయండి. రేపు మధ్యాహ్నం భోజనం బెల్లు వేళకు మీ ఊరి బడికి వెళ్ళండి. ఎవరినీ ఏమీ అనకండి. కొళాయి దగ్గర నిలబడి, అక్కడ సబ్బు ఉందో లేదో చూడండి. లేకపోతే మర్నాడు ఒక సబ్బు, ఒక వల సంచి, ఒక మేకు పట్టుకుని మళ్ళీ వెళ్ళండి.